రేకుల షెడ్డు మీద నేను ఎండబెట్టించిన విత్తనం

కొత్తగా బడి ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ముందుగా ఒక మాట. పిల్లలకు వ్యవసాయం పాఠం చెబుతూ వేరుశనగ గింజలతో ప్రయోగం చేయించాలనుకుంటే, అది మధ్యాహ్న భోజనం అయ్యాకే పెట్టుకోండి. ముందు పెట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో నలభై మందికి తలా పది గింజలు పంచి, బోర్డు వైపు తిరిగి ‘విత్తనం, మొలక’ అని రాసి, మళ్ళీ ఇటు తిరిగేసరికి గది మొత్తానికి మిగిలిన విత్తనాలు ఏడు. ఆ ఏడూ జ్వరంతో నోరు చేదుగా ఉన్న ఒక పిల్లవాడివి. వాడు కూడా మూడు తిని ఆపాడు. మిగతా ముప్పై తొమ్మిది మంది పెదవులు బిగించి, దవడలు మాత్రం కదుపుతూ, నన్ను మహాభక్తితో చూస్తున్నారు.

“యాడికి పోయినాయిరా గింజలు?” అన్నాను.

“మొలకెత్తేకి పోయినాయి సార్,” అన్నాడు వెనక బెంచీవాడు, కడుపు తట్టుకుంటూ.

నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. యాభై మూడో ఏట నా మోకాళ్ళు నాకన్నా ముందే రిటైరై ఇంట్లో కూర్చున్నాయి. అవి లేకుండా నేనొక్కణ్ణే బడికి వెళ్ళడం బాగుండదని నేనూ స్వచ్ఛందంగా విరమించుకున్నాను. అంతకుముందు ఏడేళ్ళు పత్తికొండ దారిలో ఒక ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేశాను. ఇల్లు కల్లూరులో. పొద్దున్నే షేర్ ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి బస్సు, బస్సు దిగి మళ్ళీ ఆటో. ముగ్గురు కూర్చునే సీటులో పదకొండు మందిమి, రెండు ఉల్లిగడ్డల మూటలు, అప్పుడప్పుడు ఒక మేక. ఆ ఏడేళ్ళలో ఒంటి తొడ మీద కూర్చుని నేను ప్రయాణించిన దూరం కొలిస్తే, చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ హాజరు సంతకం పెట్టి, సాయంత్రం బస్సుకు తిరిగి రావచ్చు.

ఆ ఊరిది ఎర్రనేల. జూన్ నెలలో బడి తెరిచే నాటికి ఎండ ఎట్లా ఉండేదంటే, సుద్దముక్కకు చెమట పట్టేది. బోర్డు మీద ‘నీరు’ అని రాస్తే రెండో అక్షరం రాసే లోపల మొదటి అక్షరం ఆవిరైపోయేది. వాన కోసం అందరూ ఆకాశం వైపు చూస్తూ నడిచేవాళ్ళు గనక, వీధుల్లో మనుషులు ఒకరినొకరు గుద్దుకోవడం మామూలు.

నాది కడప జిల్లా, గండికోట వైపు. సేద్యం చేసే ఇంట్లో పుట్టాను గానీ, చేనికి పొమ్మన్న ప్రతిసారీ కడుపునొప్పి తెచ్చుకుని తప్పించుకున్నాను. ఆ కడుపునొప్పులే నన్ను చదివించి ఉద్యోగస్థుణ్ణి చేశాయి. వేరుశనగను మా వైపు చెనిక్కాయలంటారు, ఇక్కడ బుడ్డలంటారు. నేను రెండు రోజులు చెనిక్కాయ గురించి గొంతు పోయేటట్టు చెప్పాక, ఒక పాప లేచి, “సార్, ఇది అచ్చం మా బుడ్డల మాదిరే ఉండాదే!” అంది. దాన్నిబట్టి అక్కడ ఎవరు ఎవరికి పాఠం చెప్పాలో నేను అప్పుడే గ్రహించి ఉండవలసింది.

ఈ విత్తనాల కథ జరిగిన ఏడాది మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. వ్యవసాయం పాఠాన్ని నోటితో చెబితే చాలదు, పిల్లల చేతులతో చేయించాలన్నారు. చేయించిన ప్రతిదానికీ ఫోటో తీసి ఫోనులో పైకి పంపాలన్నారు. అప్పటికే మేము కోడిగుడ్ల ఫోటో, మరుగుదొడ్ల ఫోటో, హాజరు ఫోటో పంపుతూ ఉండేవాళ్ళం. మా ఫోన్లలో సొంత బిడ్డల ఫోటోల కన్నా ఉడికిన గుడ్ల ఫోటోలే ఎక్కువ.

మొదటి ప్రయోగం పిల్లల పొట్టల్లో ముగిసింది కాబట్టి, రెండోసారి తెలివిగా ఆలోచించాను. ప్రతి పిల్లా, పిల్లవాడూ వాళ్ళ ఇంట్లో విత్తడానికి ఉంచిన విత్తనాల్లోంచి పది గింజలు తేవాలి. సొంత ఇంటి విత్తనం కాబట్టి తినరు. తింటే అమ్మ చంపుతుంది. తడిపిన గోనెపట్టా ముక్క మీద ఆ పదీ వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, పేరు రాసి, గది మూలలో నీడన నిలబెట్టాలి. రోజూ నీళ్ళు చిలకరించాలి. నాలుగైదు రోజులకు విప్పి, పదిలో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. పాత క్యాలెండర్లు వెనక్కి తిప్పి అతికించి, గోడ మీద పెద్ద పట్టిక తయారుచేశాం. ఒక వైపు పిల్లల పేర్లు, ఎదురుగా మొలకల లెక్క.

తమ్ముళ్ళారా, ఆ వారం మా తరగతి గది ఒక ప్రసూతి ఆసుపత్రి. పిల్లలు బడి గంట కన్నా అరగంట ముందే వచ్చి గోనె చుట్టల దగ్గర కాపలా కూర్చునేవాళ్ళు. “నాది కాలు బయటికి పెట్టింది సార్!” “నాది కవలలు సార్!” అని కేకలు. పట్టికలో ఒకరికి తొమ్మిది, ఒకరికి ఎనిమిది, ఇంకొకరికి ఏకంగా పదికి పది. ఆ పదికి పది వచ్చినవాడు మా బడిలో మధ్యాహ్నం వంట చేసే పెద్దమ్మ మనవడు. వాడు రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఆ పట్టికలో ఒక పేరు ఎదురుగా మాత్రం ఖాళీ. ఆ పాప ముందు బెంచీలో కూర్చుంటుంది. మాట తక్కువ. నోట్సులో గీతలు స్కేలు లేకుండానే స్కేలు సిగ్గుపడేటంత తిన్నగా గీస్తుంది. వాళ్ళ నాయన బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. అమ్మ ఎకరంన్నర గుత్తకు, అంటే కౌలుకు, తీసుకుని తానే సేద్యం చేస్తోంది. వాళ్ళ ఇంట్లో కాయలు అప్పటికింకా ఒలవలేదు.

ఒక సోమవారం ఆ పాప లేచింది. “సార్, మా ఇత్తనాలు ఒలిచినాం. రాత్రి తుంపర పడితే మిద్దె కారి ఒక మూట చెమ్మ పట్టింది. ఏం చేయాల సార్?”

తరగతి మొత్తం నా వైపు చూసింది. ప్రశ్న చేను నుంచి వచ్చింది, జవాబు నా పుస్తకంలో ఉంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇట్లాంటి ముహూర్తం నాకు దొరకలేదు. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, పురాణం చెప్పేవాడి గొంతుతో చదివాను: గింజలను నిల్వచేసే ముందు ఎండలో బాగా ఆరబెట్టాలి, తేమ ఉంటే పాడవుతాయి.

“అంతేనా సార్?” అంది పాప.

“అంతే! మన సైకిళ్ళ షెడ్డు రేకులు ఉన్నాయి కదా. దాని మీద పరుద్దాం. ఇది కూడా పాఠమే!”

మధ్యాహ్నానికి ఆ పాప తల్లి చెమ్మ పట్టిన మూటతో పాటు మిగతా విత్తనాల మూటలు కూడా తెచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు గేటు దగ్గరే వదిలి, బడి అంటే గుడి అన్నట్టు లోపలికి వచ్చింది. షెడ్డు పైకి చూసి కొంచెం తటపటాయించింది.

“సార్, ఒలిచిన ఇత్తనాలు నీడన పరిస్తే చాలు గదా? మా అమ్మోల్లు అట్లనే చేస్తాండ్రి.”

“అమ్మా, అది పాతకాలం. ఇది పుస్తకంలో ఉంది,” అన్నాను.

ఆమె పుస్తకం వైపు చూసింది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. ఆ అక్షరాల ముందు తన తల్లి మాట చిన్నదైపోయినట్టు తల ఊపింది. “మీరు సదువుకున్నోల్లు సార్. మీరు చెప్తే సరే.”

ఆ మాట నాకు అప్పుడు పూలదండలాగా ఉంది. తర్వాత అది ఎన్ని రోజులు ముల్లులాగా గుచ్చిందో చెబితే మీరు నమ్మరు.

పిల్లలు నిచ్చెన పట్టుకుంటే ఇద్దరు పైకెక్కి చీరలు పరిచి విత్తనాలు ఆరబోశారు. నేను కింద నిలబడి, సేతువు కట్టిస్తున్న రాజులాగా చేయి చాపి ఫోటో దిగాను. దానికి పైనుంచి ఒక పెద్ద అధికారి బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపారు. నా జీవితంలో నాకు వచ్చిన అతి పెద్ద బిరుదు ఆ బొటనవేలే. మా హెడ్‌మేడం కూడా, పొగడ్తను కొలిచి గ్రాముల్లో ఇచ్చే మనిషి, “బాగుంది సార్” అన్నారు. అది దాదాపు కిలో.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం వంట చేసే పెద్దమ్మ సాంబారు గరిటె పట్టుకుని బయటికి వచ్చి షెడ్డు వైపు చూసింది. మునివేలితో రేకు అంచు తాకి చేయి వెనక్కి లాక్కుంది. ఆమె బతుకంతా పొయ్యి దగ్గరే గడిచింది. ఆమె చేయి వెనక్కి లాక్కుందంటే అది పొయ్యిని మించిందనే.

“సారూ, పైన ఆరబోసిన ఇత్తనాలు తినేకా, ఇత్తేకా?”

“ఎందుకు పెద్దమ్మా?”

“ఊరికే అడుగుతాండా. తినేకైతే ఇంకో గంట పెడితే సరిపోతాది, ఏగిపోతాయి.”

నేను నవ్వాను. చుట్టూ ఉన్న పిల్లలు కూడా నవ్వారు. నాకు నవ్వు వచ్చినప్పుడు నవ్వడం వాళ్ళకు అలవాటు. ఆమె మాత్రం నవ్వకుండా గరిటె ఊపుకుంటూ వంటగదిలోకి వెళ్ళిపోయింది. జిల్లా మొత్తంలో ఆ నిమిషాన వ్యవసాయ శాస్త్రం తెలిసిన ఏకైక మనిషి నా ఎదురుగా సాంబారు గరిటెతో నిలబడి ఉంటే, నేను పళ్ళు ఇకిలించాను.

మూడు రోజులు ఎండబెట్టాక విత్తనాలు మూటకట్టి, వాళ్ళ మిద్దె కారుతోందని మా స్టోరు గదిలో పెట్టించాం. పాప అందులోంచి పది గింజలు తీసి గోనెలో చుట్టింది. అయిదో రోజు చుట్ట విప్పి నా దగ్గరికి తెచ్చింది. పదిలో రెండు మొలిచాయి. మిగతా ఎనిమిదీ ఉబ్బి, మెత్తబడి, బూజు పట్టి ఉన్నాయి.

“నీళ్ళు ఎక్కువ పోసినావు పాపా,” అన్నాను, ఒక్క క్షణం ఆలోచించకుండా.

“అందరి మాదిరే పోసినా సార్.”

“లేదు లేదు, కుళ్ళిపోయాయి చూడు. ప్రయోగం తప్పు. మళ్ళీ చెయ్యి.”

ఇంతమంది ముందు రేకుల మీద నేను చేసిన ఘనకార్యం తప్పు కావడానికి వీల్లేదు కదా. కాబట్టి పన్నెండేళ్ళ పిల్ల చేతులు తప్పు చేశాయని తీర్మానించాను. పాప చుట్టను మళ్ళీ చుట్టుకుంది. తల ఊపి వెళ్ళి కూర్చుంది. నా తీర్పుతో అది ముగిసిందనుకున్నాను.

ఆ పిల్ల ఏం చేసిందో వినండి. పది గింజలు కాదు, మూడు పదులు తీసింది. ఒక చుట్ట తరగతి మూలలో పెట్టింది. ఒకటి ఇంట్లో పెట్టింది. ఒకటి వంట పెద్దమ్మకు ఇచ్చి నీళ్ళ కుండ పక్కన పెట్టించింది, నీళ్ళు తను పోయకుండా ఆమె చేతనే పోయించింది. అంతటితో ఆగలేదు. ఇంట్లో చట్నీకని అమ్మ వేరుగా ఉంచిన కాయలు కొన్ని ఉన్నాయి. అవీ అదే చేనివి, అదే పంటవి, కాకపోతే ఒలవనివి, రేకు ఎక్కనివి. వాటిని ఒలిచి పది గింజలు నాలుగో చుట్ట కట్టింది. తేడా తన చేతిలో ఉందా, నీళ్ళలో ఉందా, ఎండలో ఉందా అని తేల్చుకోవడానికి. ఈ పద్ధతి నేను చెప్పలేదు. నాకు శిక్షణ ఇచ్చినవాళ్ళూ చెప్పలేదు. పెద్ద పెద్ద పరిశోధనశాలల్లో తెల్లకోట్లు వేసుకుని చేసే పనిని ఆ పాప పాత గోనెసంచి చింపి, తలజడ రిబ్బను కట్టి చేసింది.

ఆ నాలుగు చుట్టలు విప్పే రోజుకు ముందు సాయంత్రం వాన పడింది. అలాంటి ఇలాంటి వాన కాదు. నేను బస్సు దిగేసరికి కల్లూరులో నా ఇంటి ముందు రోడ్డు తుంగభద్రతో పోటీకి దిగింది. ఆ ఊరిలో మాత్రం ఎర్రనేల లోపలికంటా తడిసి సరిగ్గా పదునైంది. ఆ తడి ఆరే లోపల విత్తడానికి మూడు రోజులే గడువు. నాలుగో రోజుకు నేల మళ్ళీ బిగుసుకుంటుంది. ఆ తర్వాతి వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు.

పొద్దున నేను బడికి చేరేసరికి పాప తల్లి స్టోరు గది ముందు నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. విత్తే గొర్రు ఉన్న ట్రాక్టరుకు చెప్పేసిందట, మధ్యాహ్నానికి వస్తుందట. “సార్, తాళం తీపీండి. మూటలు ఎత్తుకపోతా,” అంది.

“అమా, ఆగు,” అంది వెనక నుంచి పాప.

నాలుగు చుట్టలూ వరండా గచ్చు మీద పెట్టింది. ఒక్కొక్కటే విప్పింది. తరగతిలో పెట్టినది: పదిలో రెండు. ఇంట్లో పెట్టినది: ఒకటి. పెద్దమ్మ నీళ్ళు పోసినది: రెండు. నాలుగోది విప్పింది. తొమ్మిది తెల్లని మొలకలు, ఒకదాన్ని మించి ఒకటి వంపు తిరిగి ఉన్నాయి.

“ఇవి చట్నీ కాయలు సార్,” అంది. “ఇవి ఎండకు పెట్టలేదు.”

అంతే. ‘మీరే చెడగొట్టినారు’ అనలేదు. ఆ పని నాకు వదిలేసింది.

వరండాలో హెడ్‌మేడం ఉన్నారు, వంట పెద్దమ్మ ఉంది, ప్రార్థనకు వరుస కట్టిన పిల్లలందరూ ఉన్నారు. నేను అప్పుడు నిజంగా ఏం ఆలోచించానో దాచకుండా చెబుతాను. విత్తనం పోయిన ఏటిది కదా, పాతబడిందేమో అనవచ్చు. మిద్దె కారిన చెమ్మ వల్లనేమో అనవచ్చు. ఆ రెండు మాటలూ నా నాలుక చివర ముస్తాబై నిలబడ్డాయి. ఆ తల్లి నమ్మేది కూడా. నేను చదువుకున్నోణ్ణి కదా.

కానీ గచ్చు మీద ఆ నాలుగో చుట్ట ఉంది. అదే చేను, అదే పంట. ఆ పిల్ల నాకు పారిపోవడానికి సందు కూడా ఉంచకుండా ప్రయోగం కట్టింది.

“తప్పు నాదమ్మా,” అన్నాను. “ఒలిచిన విత్తనాన్ని రేకుల మీద వేయించి చంపాను. నువ్వు నీడన అన్నావు. నేను వినలేదు. పాప మొదటిసారి చూపిస్తే, దాని మీదే నెట్టాను.”

ఆమె మెట్టు మీద కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. నేను తిట్లకు తయారై వచ్చినవాణ్ణి, ముప్పై ఏళ్ళ సంసారం నాకు ఆ అభ్యాసం ఇచ్చింది. ఆమె తిట్టలేదు. స్టోరు గది తలుపు వైపు చూస్తూ, “ట్రాక్టరు వస్తాది సార్. పదును ఎల్లుండి దాకనే. ఇత్తనం లేకుండా ఏం ఏయాల?” అంది. గొంతు పెంచలేదు. అన్నీ పెంచి చెప్పే నేను కూడా పెంచలేనంత చిన్న గొంతు అది.

పాప అప్పటికే తరగతి గదిలోకి వెళ్ళి, గోడ మీద పట్టిక పక్కన నిలబడింది.

“సార్, ఎవురింట్లో ఇత్తనం మొలుస్తాదో ఈడ రాసిండాది గదా.”

ముప్పై తొమ్మిది ఇళ్ళ విత్తనం, ఏది ఎంత మొలుస్తుందో పేరుపేరునా ఆ గోడ మీద ఉంది. నేను ఫోటో కోసం పెట్టించిన పట్టిక అది. అధికారి బొటనవేలు కోసం పెట్టించినది. ఆ పిల్ల దాన్ని ఊరి విత్తనాల కొట్టులాగా చదివింది. “తొమ్మిది, పది వచ్చినోల్లయి పదకొండు ఇండ్లు సార్. అందరిండ్లల్లో ఇత్తగా కొంచం మిగుల్తాది. అడుగుదాం.”

తల్లి లేచింది. “ఊరికే ఎవురిస్తారే పాపా?”

“ఊరికే గాదు,” అంది వంట పెద్దమ్మ వాకిట్లోంచి. “ఎండబెట్టినయ్యి మొలకకు పనికి రావు గానీ, తినేకి, నూనెకు ఏమైంది? బాగుండాయి. నా దగ్గర ఒక కుండ ఇత్తనం మిగిలిండాది. అది తీస్కో, నీయి నాకు ఇయ్యి. నేను నూనె ఆడించుకుంటా.” తర్వాత నా వైపు తిరిగింది. “మొన్న అడిగితి గదా సారూ, తినేకా ఇత్తేకా అని. మీరు నవ్వితిరి. అప్పుడే చెప్పింటే గమ్మున దించిపిస్తాంటి.”

“బుద్ధి తక్కువైంది పెద్దమ్మా.”

“తక్కువేం గాదు సారూ. బుక్కులో పెట్టి మర్చిపోతిరి.”

హెడ్‌మేడం గడియారం చూసుకుని, “మీ పీరియడ్లు నేను చూసుకుంటా. మీరు వెళ్ళండి,” అన్నారు. పొగడ్తను గ్రాముల్లో ఇచ్చే ఆమె, ఆ రోజు ఏమీ అడగకుండా తన రోజు మొత్తం ఇచ్చారు.

ఆ విధంగా జీవశాస్త్ర ఉపాధ్యాయుడు నెత్తిన విత్తనాల మూటతో ఊరి మీద పడ్డాడు. ముందు పాప, చేతిలో పట్టిక నుంచి ఎత్తి రాసుకున్న కాగితం. వెనక తల్లి. మధ్యలో నేను, బురదలో ఒక చెప్పు పోగొట్టుకుని. ఆ రోజు నేను నడిచిన దూరం ఊరి లెక్కన ఒక కిలోమీటరు, నా మోకాళ్ళ లెక్కన శ్రీశైలం పాదయాత్ర. వార్త మాకన్నా ముందే ప్రతి ఇంటికీ చేరింది.

“ఏం సార్, కొత్త ఉద్యోగమా?” అని ఒకాయన అరుగు మీద నుంచి.

“సార్, మా ఇంట్లో కందులుండాయి. ఎండబెట్టిస్తారా?” అని ఇంకొకాయన.

“రేకుల సారొచ్చినాడు, ఇత్తనాలు లోపల పెట్టే!” అని ఒక అవ్వ కోడలికి కేక. ఆ తర్వాత ఆ అవ్వే నవ్వుకుంటూ రెండు చేటల నిండా విత్తనాలు తెచ్చి కుమ్మరించింది. బదులుగా మేము ఎండబెట్టిన విత్తనాలు కొలవబోతే, “ఉండనీప్పా, నువ్వు మోసిందే చాలు,” అని నా మూటలోంచి గుప్పెడు మాత్రం తీసుకుని నోట్లో వేసుకుంది. “బాగనే ఏగినాయి,” అని తీర్పు చెప్పింది.

పదకొండు ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళు ఇచ్చాయి. ఒకరి దగ్గర మిగల్లేదు, ఒకరు తాళం వేసి చేనికి పోయారు. విత్తుకోవడానికి ఉంచుకున్నదాంట్లోంచి కూడా తీసి ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ ఊళ్ళో విత్తనం అంటే ఏడాది బతుకు. దాన్ని చేటలతో కొలిచి ఇస్తూ నన్ను ఆటపట్టించారు తప్ప, ఆ తల్లిని ఒక్క మాట అనలేదు. సాయంత్రానికి ఎకరంన్నరకు సరిపడా విత్తనం పోగైంది. ట్రాక్టరు మరుసటి రోజు పొద్దునకు మారింది. పదును ఉండగానే విత్తారు.

తర్వాతి ఎనిమిది రోజులు నాకు నిద్రలో కూడా మొలకలే కనిపించాయి. మొలవకపోతే ఆ తొమ్మిది ఇళ్ళకూ ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. తొమ్మిదో రోజు పాప వచ్చింది. “సార్, మా అమ్మ మిమ్మల్ని రమ్మనింది. పిల్లోల్లందర్నీ పిల్చకరమ్మనింది.”

ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. తరగతి మొత్తాన్ని వెంటేసుకుని వెళ్ళాను. గట్టెక్కి చూశాను.

ఇక్కడ నేను కొంచెం పెంచి చెప్పాలని నా చేయి దురద పెడుతోంది గానీ, ఆ చేనుకు నా సాయం అక్కర్లేదు. సాలు సాలుకూ ఎర్రమట్టి పగిలి, చిన్న చిన్న ఆకుపచ్చ తలలు ఒకే ఎత్తున లేచి ఉన్నాయి. తొమ్మిది ఇళ్ళ విత్తనం ఒకే ఇంటిదిలాగా మొలిచింది. పిల్లలు ఎవరి ఇంటి విత్తనం ఏ సాలులో ఉందో అని పోట్లాడుకున్నారు. నేను గట్టు మీద కూర్చుండిపోయాను, మోకాళ్ళ వల్ల అని అందరికీ చెప్పాను.

అప్పుడు చూశాను. గట్టు పక్కన, అన్నిటికన్నా చివర, ఒక సాలు. దానిలో మట్టి అట్లాగే ఉంది. ఇక్కడొకటి, బారెడు దూరాన ఇంకొకటి మొలిచాయి, అంతే.

“ఇది మీ సాలు సార్,” అంది పాప తల్లి, నా ఒక్కడికే వినిపించేటట్టు. “ఎండబెట్టినయ్యి రెండు దోసిళ్ళు ఎత్తిపెట్టుకున్యా. ఒక సాలు ఏసినా. పిల్లోల్లు సూస్తే తెలుస్తాది గదా, రేపు వాల్లిండ్లల్లో ఎవురూ ఎండకు పెట్టకుండా.”

జానెడు నేల కూడా వృథా పోనివ్వని మనిషి ఆమె. గుత్త నేల. అందులో ఒక సాలు మొత్తం, మొలవదని తెలిసీ, పిల్లల కోసం విత్తింది. శిక్షణలో మూడు రోజులు చెప్పించుకున్న పాఠం ఆమె ఏ శిక్షణా లేకుండా చేసి పెట్టింది. నా పరువు కూడా తీయలేదు. ఆ సాలు ఎందుకు ఖాళీగా ఉందో పిల్లలకు తాను చెప్పకుండా, ఆ పని నాకు వదిలేసింది. ఆ పాపకు ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

“సార్, ఈ సాలు ఎందుకు మొల్చలేదు?” అని అడిగాడు, చుట్టలు విప్పిన రోజు బడికి రాని ఒక పిల్లవాడు.

“నేను ఎండబెట్టించినాను,” అన్నాను. “ఒలిచిన విత్తనాన్ని ఎండకు పెట్టకూడదు. నాకు తెలియలేదు. తెలిసినవాళ్ళు చెబితే వినలేదు.”

నలభై మంది పిల్లలు రెండు జట్లుగా విడిపోయి ఆ సాలు ఒకటి, దాని పక్క సాలు ఒకటి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాప తల్లి కొంగు నడుముకు బిగించి, వాళ్ళ వెనకే వంగి నడిచింది. ఎవరైనా ఒక మొలక దాటేస్తే భుజం మీద తట్టి, “మొదుట్నుంచి ఎంచు నాయనా,” అని వెనక్కి పంపింది.